సర్వర్ స్లో కాదు, క్యూ పెద్దది

ఇంగ్లీష్ మీడియంలో చదువుకున్న నాకు "సర్వర్" అనగానే కంప్యూటరే గుర్తొస్తుంది. మా తాతయ్యకి మాత్రం సర్వర్ అంటే హోటల్లో ఇడ్లీ తెచ్చిపెట్టి, చట్నీ మళ్లీ వేసే మనిషి. తమాషా ఏంటంటే, ఈ ఇద్దరు సర్వర్ల మీదా మన కంప్లయింట్ ఒక్కటే. రిజల్ట్స్ వచ్చిన రోజు సైట్ ఓపెన్ కాకపోతే "సర్వర్ స్లో రా" అంటాం. చిల్లీ చికెన్ నలభై నిమిషాలైనా రాకపోతే అప్పుడూ "సర్వర్ స్లో రా" అనే అంటాం. మొదటి సర్వర్‌ని తిడితే దానికి బాధ లేదు. రెండో సర్వర్‌కి ఉంటుంది. అందుకే ఈ వ్యాసం.

మన కాలేజీ నుంచి బైపాస్ వైపు వెళ్తే ఒక బార్ అండ్ రెస్టారెంట్ ఉంది. పేరు చెప్పను, హాస్టల్లో ఉన్నవాళ్లందరికీ అదేదో తెలుసు. కింద బార్, పైన ఫ్యామిలీ రెస్టారెంట్, మెట్లు వేరు. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాళ్లకి మందు అమ్మకూడదు, నాకు 19. కాబట్టి ఈ మ్యాగజైన్ చదివే లెక్చరర్లకి ముందే మనవి: నేను రాసేది పైమెట్ల గురించి మాత్రమే. పైన మేం తాగేది థమ్సప్. కానీ పైకి వచ్చేదీ, కిందికి వెళ్లేదీ ఒకే వంటగదిలో తయారవుతుంది. ఈ కథ మొత్తానికి అదే ముఖ్యమైన పాయింట్, గుర్తుపెట్టుకోండి.

అక్కడ తిండి అద్భుతం. ఈ విషయంలో మా ఫ్లోర్‌లో రెండో మాట లేదు. రొయ్యల వేపుడు కరివేపాకు వాసనతో, ఇంకా చిటపటమంటూ వస్తుంది. అపోలో ఫిష్ పైన కొంచెం కరకర, లోపల మెత్తన. కోడి వేపుడులో ఉల్లిపాయ మాడకుండా, పచ్చిగా ఉండకుండా సరిగ్గా ఆగుతుంది. మెస్‌లో వారమంతా ఒకే రంగు కూర తిన్న నాలుకకి ఇది పండగ. ఒక్క లోపం, సర్వీస్ స్లో. మామూలు స్లో కాదు. ఆర్డర్ ఇచ్చి, సెమిస్టర్ గురించి మాట్లాడుకుని, ప్లేస్‌మెంట్స్ గురించి భయపడి, పక్క టేబుల్ పిల్లాడి పుట్టినరోజు పాట కూడా పాడేశాక మొదటి ప్లేట్ వస్తుంది.

దీని మీద మా హాస్టల్ రెండు పార్టీలుగా చీలింది. ఒక పార్టీ, "తిండి బాగుంటే చాలు, ఆగుదాం." రెండో పార్టీ, "డబ్బులిస్తున్నాం, ఊరికే పెట్టట్లేదు కదా, ఒక్క స్టార్ ఇచ్చిపారేయాలి." నేను ఈ రెండింటిలో దేంట్లోనూ లేను. ఆగడం గొప్ప గుణమని నేను అనను. ఆకలేసినవాడికి ఓపిక గురించి క్లాస్ పీకడం కన్నా దుర్మార్గం లేదు. కానీ స్టార్లు కోసేముందు ఆలస్యం ఎక్కడ పుడుతోందో చూడాలంటాను. మనం ఇంజినీరింగ్ చదువుతున్నాం. బగ్ ఎక్కడుందో చూడకుండా కనిపించిన ఫైల్‌ని డిలీట్ చేయం కదా.

ముందు, బార్ ఉన్నచోట తిండి ఎందుకు బాగుంటుందో చూద్దాం. తాగేవాళ్లు "స్టఫ్" అడుగుతారు. ఆ స్టఫ్ వేడిగా ఉండాలి, కారంగా ఉండాలి, కొంచెం కొంచెంగా చాలాసేపు రావాలి. చల్లారిన చికెన్ 65 పెడితే కింద కూర్చున్నవాళ్లు ఊరుకోరు, పక్క బార్‌కి వెళ్లిపోతారు. అందుకే అక్కడ వేపుళ్లు ఆర్డర్ పడ్డాకే కడాయిలో పడతాయి. ముందే వండి పెట్టి, మళ్లీ వేడిచేసి ఇచ్చే పద్ధతి ఉండదు. రొయ్య అయితే అసలు కుదరదు. రొయ్య ఉడకడానికి పట్టేది కొద్ది నిమిషాలే, ఆ తర్వాత ఒక్క రెండు నిమిషాలు ఎక్కువ ఉంచినా రబ్బరు అయిపోతుంది. కాబట్టి మనం మెచ్చుకునే ఆ రుచీ, మనం తిట్టుకునే ఆ ఆలస్యమూ ఒకే పొయ్యి మీద పుట్టిన కవలపిల్లలు.

అక్కడ బిర్యానీ మాత్రం అయిదు నిమిషాల్లో వస్తుంది, గమనించారా? ఎందుకంటే అది సాయంత్రమే దమ్ అయి, హండీలో రెడీగా ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే బిర్యానీ క్యాష్ హిట్. రొయ్యల వేపుడు క్యాష్ మిస్, ప్రతిసారీ మెయిన్ మెమరీ దాకా వెళ్లి రావాల్సిందే. పది నిమిషాల్లో ఫుడ్ అని యాప్‌లు చేసేది కూడా చాలావరకు ఇదే పని. 2022 మార్చిలో జొమాటో పది నిమిషాల డెలివరీ అని ప్రకటించినప్పుడు, డెలివరీ బాయ్స్ ప్రాణాల సంగతేంటని దేశమంతా పెద్ద గొడవ జరిగింది. 2024 అక్టోబర్‌లో స్విగ్గీ "బోల్ట్" అని మొదలుపెట్టింది. దగ్గర్లోని హోటళ్లు, త్వరగా తయారయ్యే ఐటెమ్‌లు, ఇదీ దాని కిటుకు. వంట స్పీడ్ పెరగలేదు, స్పీడ్‌గా అయ్యేవాటినే మెనూలో ఉంచారు. దాంట్లో తప్పు లేదు. కానీ ఆ పది నిమిషాలకి అలవాటుపడిన కళ్లతో కడాయిని చూస్తే కడాయి బద్ధకంగా కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు లెక్కకి వద్దాం. 1909లో డెన్మార్క్‌కి చెందిన ఎర్లాంగ్ అనే ఆయన, టెలిఫోన్ కాల్స్ ఎలా వచ్చిపడతాయో లెక్కకట్టి ఒక పేపర్ రాశాడు. ఆయన పనిచేసింది కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో. కాల్స్ కోసం మొదలైన ఆ లెక్కలే తర్వాత క్యూయింగ్ థియరీ అయ్యాయి. రౌటర్ దగ్గర ప్యాకెట్లకీ, బ్యాంకులో మనుషులకీ, వంటగదిలో ఆర్డర్లకీ ఒకటే లెక్క పనిచేస్తుంది.

మన రెస్టారెంట్‌లో వేపుళ్లు, ఫ్రైడ్ రైస్, నూడుల్స్ అన్నీ చేసేది ఒకే ఒక్క చైనీస్ మాస్టర్. ఒక ఆర్డర్‌కి ఆయనకి సగటున 6 నిమిషాలు పడుతుందనుకుందాం. అంటే గంటకి 10 ఆర్డర్లు చేయగలడు. ఆర్డర్లు టైమ్ టేబుల్ ప్రకారం రావు, ఎప్పుడుపడితే అప్పుడు వస్తాయి. టెక్స్ట్‌బుక్‌లో ఉండే సింపుల్ మోడల్‌లో వేస్తే లెక్క ఇలా వస్తుంది. గంటకి 5 ఆర్డర్లు వస్తే, ఒక ఆర్డర్ మొత్తం పూర్తవడానికి సగటున 12 నిమిషాలు. 8 ఆర్డర్లు వస్తే 30 నిమిషాలు. 9 వస్తే? 34, 35 అనుకుంటాం. కాదు, 60 నిమిషాలు! గంటకి ఒక్క ఆర్డర్ పెరిగితే వెయిటింగ్ డబుల్. మాస్టర్ చేతులు అంతే వేగంగా కదులుతున్నాయి, ఆయన బద్ధకించిందేమీ లేదు. అయినా టేబుల్ మీద మనకి ప్రళయం.

మంగళవారం సాయంత్రం ఏడింటికి వెళ్లినవాడు "చాలా ఫాస్ట్ రా" అంటాడు. శనివారం ఎనిమిదిన్నరకి వెళ్లినవాడు "జీవితంలో వెళ్లను" అంటాడు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. ఒకడు 5 దగ్గర ఉన్నాడు, ఇంకొకడు 9 దగ్గర ఉన్నాడు, అంతే తేడా.

ఇదే లెక్కలో ఇంకో రెండు మార్పులు చేసి చూడండి. మొదటిది, వంటగదిలో ఇంకో మాస్టర్‌నీ, ఇంకో పొయ్యినీ పెట్టండి. గంటకి అవే 9 ఆర్డర్లు. ఇప్పుడు సగటు సమయం ఏడున్నర నిమిషాలకి పడిపోతుంది. అరవై ఎక్కడ, ఏడున్నర ఎక్కడ! రెండోది, మాస్టర్ ఒక్కడే, కానీ ప్లేట్లు మోసే సర్వర్‌ని మాత్రం ఒలింపిక్ రన్నర్‌ని పెట్టండి. ఎంత తగ్గుతుంది? వంటగది నుంచి టేబుల్ దాకా నడిచే ఒక నిమిషంలో అర నిమిషం తగ్గుతుంది. అంటే మనం ఎవరిమీద అరుస్తున్నామో, ఆ మనిషి చేతిలో అర నిమిషం మాత్రమే ఉంది. మిగతా యాభై తొమ్మిదిన్నర నిమిషాలూ ఓనర్ చేతిలో ఉన్నాయి. ఆయన కింద కౌంటర్ దగ్గర కూర్చుని ఉంటాడు, మనం వెళ్లేటప్పుడు ఆయనకి నవ్వుతూ డబ్బులు కట్టి, సోంపు వేసుకుని వచ్చేస్తాం.

ఇంకొక సంగతి కూడా ఉంది, అది ఓఎస్ క్లాసులో విన్నవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. ఆ వంటగదిలో క్యూ ముందొచ్చినవాళ్లకి ముందు అన్న పద్ధతిలో నడవదు. కింద బార్ టేబుల్ నుంచి స్టఫ్ ఆర్డర్ వస్తే అది ముందుకి దూకుతుంది. కారణం అందరికీ తెలిసిందే, కింద ఒక టేబుల్ బిల్లు పైన మన అయిదుగురి బిల్లుని మింగేస్తుంది. వాళ్లకి హై ప్రయారిటీ, మన ఎగ్ ఫ్రైడ్ రైస్‌కి లో ప్రయారిటీ. హై ప్రయారిటీ పనులు వస్తూనే ఉంటే లో ప్రయారిటీ పనికి వంతే రాదు. దాన్ని మన సిలబస్‌లో ఏమంటారు? స్టార్వేషన్! తెలుగులో ఆకలితో మాడటం. ఇంత కరెక్ట్‌గా సరిపోయే టెక్నికల్ పదం నేను ఇంకోటి చూడలేదు.

దానికి మందు కూడా సిలబస్‌లోనే ఉంది, ఏజింగ్. ఎంతసేపు ఆగితే అంత ప్రయారిటీ పెంచుతూ పోవాలి. అరగంట దాటిన ఆర్డర్ చీటీ, అది పైనదైనా కిందదైనా, అన్నిటికన్నా ముందుకి రావాలి. ఇది చేయడానికి ఓనర్‌కి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. చీటీ మీద టైమ్ రాసి, మేకుకి గుచ్చేటప్పుడు వరస తప్పకుండా చూసే ఒక మనిషి చాలు.

ఇప్పుడు ఆ రెండో సర్వర్ గురించి, అంటే మనిషి గురించి. పైన ఫ్యామిలీ సెక్షన్‌లో ప్లేట్లు తెచ్చే కుర్రాడికి మన వయసే ఉంటుంది. ఒడిశా నుంచి వచ్చాడు, తెలుగు ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాడు. నాకన్నా స్పష్టంగా "పెరుగు చట్నీ కావాలా సార్" అంటాడు. సెప్టెంబర్‌లో మా ఫ్లోర్ నుంచి ఒకడు వెళ్లి, గంట ఆగి, కోపంతో ఒక్క స్టార్ రివ్యూ పెట్టాడు. దాంట్లో ఓనర్ పేరు లేదు, మాస్టర్ సంగతి లేదు. "పైన సర్వ్ చేసే పొట్టి కుర్రాడు వేస్ట్, పిలిచినా పలకడు" అని రాశాడు. తర్వాతి రెండు వారాలు ఆ కుర్రాడు పైన కనపడలేదు. అడిగితే కింద గిన్నెలు కడిగే దగ్గర వేశారని ఇంకో సర్వర్ చెప్పాడు. గిన్నెల దగ్గర టిప్స్ రావు. ఆ రెండు వారాల్లో వేపుళ్లు ఒక్క నిమిషం కూడా ముందు రాలేదు, ఎందుకంటే లోపల మాస్టర్ ఒక్కడే, పొయ్యి ఒక్కటే.

పిలిచినా ఎందుకు పలకడో నాకు అర్థమైంది. పలికితే ఏం చెప్తాడు? ఎంతసేపవుతుందో అతనికీ తెలీదు. "రెండు నిమిషాలు సార్" అంటే అబద్ధం. "ఇంకో అరగంట సార్" అంటే మనం అరుస్తాం, టేబుల్ లేచి వెళ్లిపోతే ఓనర్ అరుస్తాడు. మధ్యలో ఉన్నవాడు కళ్లు కలపకుండా నడిచివెళ్లడమే నేర్చుకుంటాడు. మన గ్రూప్ ప్రాజెక్టులో రిపోర్ట్ ఇంకా పూర్తికానప్పుడు గైడ్ ఎదురొస్తే మనం చేసేదీ అదేగా!

ఇక్కడ రెండో పార్టీ వాళ్లు అడిగే ప్రశ్న నాకు తెలుసు. "అయితే గంట ఆగి, నోరుమూసుకుని రావాలా? హాస్టల్ గేట్ తొమ్మిదిన్నరకి మూసేస్తారు, నీ క్యూయింగ్ థియరీ వాచ్‌మన్‌కి చెప్తావా?" న్యాయమైన ప్రశ్న. నెలాఖరులో నలుగురం కలిపి పోగేసిన డబ్బుతో వెళ్లి, సగం తినకుండా పార్సిల్ కట్టించుకుని పరుగెత్తడం నాకూ ఇష్టం లేదు. డబ్బు ఇచ్చినవాడికి అడిగే హక్కు ఉంది. నా గొడవల్లా ఆ హక్కుని ఎవరి మీద వాడుతున్నామన్నదే.

ఆలస్యం అవ్వడం నాకు పెద్ద తప్పుగా అనిపించదు. ఎంత ఆలస్యమో చెప్పకపోవడం మాత్రం తప్పే. 1985లో డేవిడ్ మైస్టర్ అనే ఆయన, క్యూలో నిలబడ్డవాళ్ల సైకాలజీ మీద ఒక వ్యాసం రాశాడు. ఎంతసేపో తెలియకుండా ఆగితే, తెలిసి ఆగినదానికన్నా ఎక్కువసేపు అనిపిస్తుందంటాడు. కారణం చెప్పకపోతే ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. ఊరికే కూర్చుంటే ఇంకా ఎక్కువ. మనకిది కొత్తేం కాదు. ప్రోగ్రెస్ బార్ లేని డౌన్‌లోడ్‌ని చూస్తూ పిచ్చెక్కినవాళ్లం. బస్టాండ్‌లో "బస్సు ఇరవై నిమిషాలు లేటు" అని మైకులో చెప్తే వెళ్లి టీ తాగొస్తాం. చెప్పకపోతే అదే ఇరవై నిమిషాలు డిపో మేనేజర్‌ని తిట్టుకుంటూ రోడ్డు మీద నిలబడతాం. టైమ్ అదే, చెప్పినప్పుడు మాత్రం అది మన చేతిలో ఉంటుంది.

కాబట్టి ఓనర్ గారికి నేను పెట్టే డిమాండ్లు మూడు. ఆర్డర్ తీసుకునేటప్పుడే "వేపుళ్లకి నలభై నిమిషాలు, బిర్యానీ వెంటనే" అని చెప్పించండి. చీటీ మీద టైమ్ రాయించి, అరగంట దాటినదాన్ని ముందుకి తీయించండి. శని, ఆదివారాలైనా రెండో మాస్టర్‌ని పెట్టండి. ఆ మూడోది ఖర్చుతో కూడిన పని, దానివల్ల రొయ్యల వేపుడు మీద పది రూపాయలు పెరిగితే పెరగనివ్వండి. మొదటి రెండూ ఫ్రీ.

మనకి కూడా కొన్ని ఉన్నాయి. కూర్చోగానే మెనూ కన్నా ముందు "ఏది ఎంతసేపు పడుతుంది?" అని అడగండి. సర్వర్‌కి తెలీకపోతే, లోపల కనుక్కుని చెప్పమని మామూలు గొంతుతో అడగండి. ఒక్కొక్కటిగా కాకుండా అన్నీ ఒకేసారి ఆర్డర్ ఇవ్వండి. మీరు చెప్పిన రెండు చిల్లీ చికెన్‌లు ఒకే కడాయిలో పడితే మాస్టర్‌కి ఒక రౌండ్ తగ్గుతుంది. ఆకలి బాగా ఉంటే ముందు ఒక బిర్యానీ చెప్పి, అది తింటూ వేపుడు కోసం ఆగండి. అయిదుగురు అయిదు రకాల నూడుల్స్ చెప్తే ఆ లేటులో మీ వాటా కూడా ఉంటుంది. ఆ కుర్రాడిని "ఏయ్" అని పిలవకండి. చిటికెలు అసలు వేయకండి. "తమ్ముడూ" అంటే చాలు, మన వయసువాడే కాబట్టి "బ్రో" అన్నా పర్వాలేదు.

రివ్యూ రాయండి, తప్పకుండా రాయండి. కానీ బగ్ రిపోర్ట్ ఎలా రాస్తామో అలా రాయండి. "శనివారం రాత్రి 8:30కి వెళ్లాం, 40 నిమిషాలకి మొదటి ప్లేట్ వచ్చింది, ఎంతసేపవుతుందో ముందు చెప్పలేదు, రుచి చాలా బాగుంది, వంటగదిలో మనుషుల్ని పెంచాలి." ఇది చదివితే ఓనర్‌కి తను ఏం చేయాలో తెలుస్తుంది, తర్వాత వెళ్లేవాడికి ఎప్పుడు వెళ్లాలో తెలుస్తుంది. "పొట్టి కుర్రాడు వేస్ట్" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలీదు, ఒకడి టిప్స్ పోతాయి, అంతే.

ఇదంతా ఒక హోటల్ గొడవే కదా, ఇంత అవసరమా అనొచ్చు. ఇంకో మూడేళ్లలో మనలో చాలామంది ఇలాంటి సిస్టమ్స్ తయారుచేసే ఉద్యోగాల్లో ఉంటాం. డెలివరీ యాప్‌లో ఎవరికి రేటింగ్ తగ్గించాలో, ఎవరి అకౌంట్ ఆపాలో మనం రాసిన కోడ్ నిర్ణయిస్తుంది. ఆలస్యానికి కారణం వంటగది అయితే, ఆ స్టార్ బండిమీద వచ్చినవాడికి తగ్గాలా, వంటగదికి తగ్గాలా? ఈ ప్రశ్న ప్లేట్ ముందు కూర్చున్నప్పుడే రాకపోతే, కీబోర్డ్ ముందు కూర్చున్నప్పుడు వస్తుందని నాకు నమ్మకం లేదు. ఎదురుగా మనిషి నిలబడి ఉంటేనే చూడనివాళ్లం, డేటాబేస్‌లో ఒక వరసగా మారిన మనిషిని ఎలా చూస్తాం?

ఒక చిన్న సమాచారం, పనికొస్తుందేమో. మిడ్ ఎగ్జామ్స్ అయిపోయిన రోజు రాత్రి అక్కడికి ఎవరూ వెళ్లకండి, కాలేజీ మొత్తం అక్కడే ఉంటుంది, గంటకి 9 కాదు, 20 ఆర్డర్లు పడతాయి. మాస్టర్ గంటకి చేయగలిగేది 10. ఆ లెక్కకి సమాధానం టెక్స్ట్‌బుక్‌లో ఏముందో చూసుకోండి. క్యూ పెరుగుతూనే ఉంటుంది, ఎప్పటికీ తగ్గదు. మర్నాడు సాయంత్రం ఏడింటికి వెళ్లండి. రొయ్యల వేపుడు చెప్పండి, ఎంతసేపో అడగండి.